అటక మీది బొంత

పోయినవారం ఉలవచారు గురించి రాస్తే చాలామంది అక్కచెల్లెళ్ళు ఉత్తరాలు రాశారు. సంతోషం. ఈవారం మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేచి కాస్త అటకెక్కుదాం రండి.

నాకొక పిచ్చి ఉంది. కొందరికి చీరల పిచ్చి, కొందరికి సీరియళ్ళ పిచ్చి ఉన్నట్టే నాకు పాత నోట్ల పిచ్చి. పాత నోట్లంటే ఇప్పుడు ఏ కొట్లోనూ చెల్లనివి. మావారు నా ఆల్బంకి "చెల్లని కాగితాల బ్యాంకు" అని పేరు పెట్టారు. పాలు, పెరుగు ఖర్చులో మిగిల్చిన దాంట్లోంచి నెలకి రెండు వందలకి మించకుండా పెడతాను గనక ఇంట్లో గొడవేమీ లేదు. ఇప్పటికి అరవై దాకా చేరాయి. ఇంటరు చదివి ఇల్లు దిద్దుకుంటున్న నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను. అందులో మనందరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది.

అత్తయ్యగారి తలనొప్పి

2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఐదొందల నోట్లు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో చెప్పినప్పుడు మీరేం చేస్తున్నారో గుర్తుందా? నేను చపాతీలు వత్తుతున్నాను. మా అత్తయ్యగారు టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఉన్నట్టుండి చేట పక్కన పెట్టి, తలనొప్పిగా ఉందంటూ వెళ్ళి పడుకున్నారు. అన్నం కూడా తినలేదు.

ఆ తలనొప్పి మూడు రోజులు తగ్గలేదు. నాలుగో రోజు పొద్దున మావారు బయటికెళ్ళాక వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, నా దగ్గర కాస్త ఉన్నాయే" అన్నారు. ఎక్కడున్నాయత్తయ్యా అంటే అటక కేసి చూపించారు. బొంతలో పెట్టి కుట్టారట. ఏ బొంతో గుర్తులేదట!

మా అటక మీద ఏడు బొంతలున్నాయి. ఇద్దరం ఆ మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని ఒక్కొక్కటే దించి, తడిమి, కుట్లు విప్పడం మొదలుపెట్టాం. నాలుగో దాంట్లో అత్తయ్యగారి సొమ్ము దొరికింది. పదకొండు వేలు, అన్నీ ఐదొందల కాగితాలే. అవి బ్యాంకులో వేయడానికి డిసెంబరు 30 దాకా గడువుంది గనక బతికిపోయాం. "బొంతలో దాచాలని మీకెలా తోచింది?" అంటే, "మా అత్తగారు అలాగే దాచేది, నేనూ నేర్చుకున్నా" అన్నారు.

ఆ మాటతో ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అట్టడుగున ఉన్న బొంత ఆవిడ అత్తగారిదే. అంటే మావారి నాయనమ్మది. ఆవిడ పోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆ బొంత ఎవరూ కప్పుకోరు, ఎవరూ పారెయ్యరు. మూల కుట్టు విప్పితే పాత పంచె ముక్కల మధ్య చిన్న మూట తగిలింది. చారల కండువా ముక్కలో మడిచిపెట్టిన పధ్నాలుగు నోట్లు!

గాంధీగారి బొమ్మ లేదు, మూడు సింహాలు లేవు, తెల్ల రాజుగారి తలకాయా లేదు. ఒక్కొక్క నోటు మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ, కన్నడం, వాటి మధ్య మన తెలుగు అక్షరాలు. పది రూపాయల నోట్లని అర్థమైంది. ఎవరి నోట్లో, ఎక్కడివో అర్థం కాలేదు. మా వీధిలో రిటైరైన లెక్చరరు మాస్టారికి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని, "ఇవి నైజాం నోట్లమ్మా, హాలీ సిక్కా" అన్నారు.

రెండు రూపాయల సరిహద్దు

ఇప్పుడు మేం ఎన్టీఆర్ జిల్లా వాళ్ళం అయ్యాం గానీ అప్పట్లో కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతం అంటే నైజాంకి గుమ్మం లాంటిది. మా జగ్గయ్యపేట దాటి గరికపాడు దగ్గర పాలేరు దాటితే అవతల కోదాడ. ఇవతల ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, అవతల నిజాం రాజ్యం. ఇంకో చిత్రం వినండి. మా పుట్టిల్లు నందిగామ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో పరిటాల ఉంది కదా, ఆ ఊరూ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళూ ఇంగ్లీషువాళ్ళ జిల్లా మధ్యలో నిజాం ఏలుబడి కింద ఉండేవి. అక్కడి వజ్రాల గనుల కోసం నిజాం వాటిని వదులుకోలేదు. అలాగే అటు నైజాం మధ్యలో ఉన్న మునగాల పరగణా ఇటు కృష్ణాజిల్లాలోది. అంటే చుట్టం ఇంటికి వెళ్ళాలన్నా రాజ్యం దాటాల్సివచ్చేదన్నమాట.

రాజ్యం మారితే రూపాయి కూడా మారేది. ఇంగ్లీషు రూపాయిని అవతలివాళ్ళు కల్దారు అనేవాళ్ళు. నిజాం రూపాయిని హాలీ అనీ, ఉస్మానియా సిక్కా అనీ అనేవాళ్ళు. వెండి రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉండేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకి సమానం. వంద కల్దార్లు ఇస్తే నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైసలు రావాలి. మనం ఇప్పుడు కాలిక్యులేటరు మీద వేసే లెక్క ఆ రోజుల్లో సంతకి వెళ్ళిన ఆడవాళ్ళు వేళ్ళ మీద వేసేవాళ్ళట! సరుకు సరిహద్దు దాటితే సుంకం వసూలు చెయ్యడానికి నిజాం ప్రభుత్వానికి కరోడ్‌గిరి అనే శాఖ కూడా ఉండేది.

కాగితం నోట్లు మాత్రం నిజాం రాజ్యంలో ఆలస్యంగా వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధం వల్ల వెండికి కరువొచ్చింది. వెండి లేకపోతే రూపాయి ఎలా కొడతారు? అందుకని ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1918లో చట్టం చేసి పది, వంద రూపాయల నోట్లు తెచ్చారు. 1919లో ఒక రూపాయి, అయిదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి నోటు వచ్చాయి. మొదట్లో లండన్‌లోని వాటర్‌లో కంపెనీ అచ్చువేసి ఓడల మీద పంపేది. ఇటు ఇంగ్లీషువాళ్ళకీ ఆ వెండి కరువే. వాళ్ళూ 1917 నవంబరు 30న మొదటిసారి ఒక రూపాయి నోటు తెచ్చారు. ఆ తర్వాత రెండున్నర రూపాయల నోటు కూడా వేశారు, నమ్ముతారా? ఆ రెండూ 1926 జనవరిలో ఆపేశారు. రూపాయి నోటు మాత్రం 1940లో మళ్ళీ వచ్చింది.

నోట్ల మీద సంతకాలు కూడా చూడాలండీ. నిజాం నోట్లలో కొన్నిటి మీద సర్ అక్బర్ హైదరీ సంతకం ఉంటుంది. కొన్నిటి మీద గులాం మహమ్మద్ అనే ఆర్థికమంత్రి సంతకం ఉంటుంది. ఆయన ఆ తర్వాత పాకిస్తాన్‌కి గవర్నర్ జనరల్ అయ్యాడు. చిన్న కాగితం మీద అంత చరిత్ర!

ఇంకో ముచ్చట చెప్పి ముందుకెళతాను. 1922 మే 20న లండన్ నుంచి బొంబాయి వస్తున్న 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడని గుద్దుకుని మునిగిపోయింది. అందులో టన్నుల కొద్దీ బంగారం, వెండి, వాటితోపాటు ఇంకా సంతకాలు పడని నిజాం నోట్లు కూడా ఉన్నాయి. 1930ల్లో ఇటలీ గజ ఈతగాళ్ళు ఎన్నో తిప్పలు పడి ఆ బంగారం తీస్తుంటే నోట్లూ పైకొచ్చాయి. పదేళ్ళు సముద్రం అడుగున నానినవి! సేకరణ చేసేవాళ్ళకి ఇప్పుడు అవి అపురూపం. మా నాయనమ్మగారి బొంత అంతకంటే లోతేమో అనిపిస్తుంది నాకు.

సరే, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం దేశంలో కలిసింది. అయినా హాలీ నోట్లు మర్నాడే చచ్చిపోలేదు. 1950లో మన రూపాయి అక్కడికి వెళ్ళింది. అదే ఏడుకి ఆరు లెక్కన రెండూ పక్కపక్కన నడిచాయి. హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది 1959లో. అంటే పదేళ్ళకి పైగా వ్యవధి ఇచ్చారన్నమాట. మా మూటలోవి పధ్నాలుగు పదులు, నూట నలభై హాలీ. మార్చి ఉంటే సరిగ్గా నూట ఇరవై రూపాయలు చేతికొచ్చేవి.

మరి నాయనమ్మగారు ఎందుకు మార్చలేదు? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

నందిగామలో పెద్దమ్మగారు

నాయనమ్మగారి పుట్టిల్లు హుజూర్‌నగర్ వైపు. అంటే నైజాం పిల్లని ఇంగ్లీషు రాజ్యంలో ఇచ్చారన్నమాట. ఆవిడ సంగతులు తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారా అని ఆలోచిస్తే మామగారి అక్కయ్య గుర్తొచ్చారు. మావారికి మేనత్త, నాకు వరసకి పెద్దమ్మ. నందిగామలోనే ఉంటారు. అప్పటికి ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. డిసెంబరులో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు మూట సంచీలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

పెద్దమ్మగారు అరుగు మీద కూర్చుని కందులు బాగుచేస్తున్నారు. నోట్లు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. ఆ తర్వాత కండువా ముక్క ఇచ్చాను. అది పట్టుకుని చాలాసేపు ఊరుకున్నారు.

"ఇది మా చిన్న మావయ్యది" అన్నారు చివరికి.

ఆవిడకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. 1948 ఎండాకాలం. రజాకార్ల భయంతో అవతలి ఊళ్ళవాళ్ళు పిల్లాజెల్లా, గొడ్డూగోదా వేసుకుని పాలేరు దాటి మా పేటకి వచ్చేవాళ్ళు. తెలిసినవాళ్ళింట్లో, సత్రాల్లో, చెట్ల కింద ఎక్కడ చోటుంటే అక్కడ తలదాచుకునేవాళ్ళు. నాయనమ్మగారి తమ్ముడు కూడా అలాగే ఒక రాత్రి వచ్చాడు. రెండు రోజులున్నాడు. వెనక ఉండిపోయిన తల్లిని తీసుకొస్తానని మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళేముందు అక్కని పెరట్లోకి పిలిచి ఏదో చేతిలో పెట్టడం పెద్దమ్మగారు చూశారు. ఏమిటో తెలియదు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేకపోయారు.

"పోలీసు చర్య అయ్యాక కూడా మా అమ్మ చాలాకాలం ఎదురుచూసింది. సాయంత్రం అయితే వీధి గుమ్మంలో నిలబడేది" అన్నారు పెద్దమ్మగారు.

నేను ఇంకేం అడగాలో తెలియక కందులు నేనూ బాగుచెయ్యడం మొదలుపెట్టాను. కాసేపయ్యాక ఆవిడే మళ్ళీ అందుకున్నారు.

"నేను ఎనిమిది పాసయ్యాక టీచరు ట్రైనింగుకి వెళతానని ఏడ్చానే అమ్మాయ్. విజయవాడ వెళ్ళి ఉండాలి, ఫీజు కట్టాలి, రెండు జతల బట్టలు కుట్టించాలి. మా నాన్న, ఎక్కడ తెచ్చేది, మిరప పంట పోయింది కదా అన్నాడు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు కూడా అనలేదు. మరుసటేడు పెళ్ళి చేసేశారు."

అది 1955 మాట. హాలీ నోట్లు ఇంకా మారుతున్నాయి. నూట ఇరవై రూపాయలు మా ఇంట్లోనే, ఆవిడ కప్పుకుని పడుకున్న బొంతలోనే ఉన్నాయి!

ఆ లెక్క పెద్దమ్మగారు కూడా వేసుకున్నారని నాకు తెలుసు. నా నోట్లోంచి ఏదో ఓదార్పు మాట రాబోతే ఆవిడే ఆపారు. "వాడొచ్చి అడిగితే ఏం చెప్పాలని ఉంచిందేమో. అది వాడి డబ్బు. మా నాన్నకి తెలిస్తే ఊరుకునేవాడు కాదు, అప్పుకి కట్టేసేవాడు. నేనేమో ఉందని ఎరగను, అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఇన్నేళ్ళూ మా అమ్మ నా చదువు పట్టించుకోలేదనుకున్నా" అన్నారు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఒకటి నాకియ్యవే" అని అడిగారు.

ఇచ్చాను. లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తీసి, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ మడతలో పెట్టుకున్నారు. అరవై ఏళ్ళుగా ఆ సర్టిఫికెట్ దాచుకున్నారని నాకు అప్పుడే తెలిసింది.

మిగిలిన పదమూడూ నా ఆల్బంలో మొదటి పేజీల్లో ఉన్నాయి. కండువా ముక్క కూడా. నా పిచ్చి అలా మొదలైంది.

ఉక్రెయిన్ నుంచి ఒక కాగితం

ఆల్బంలో నాకు ఇష్టమైన నోటు ఇంకొకటుంది. అది చాలా దూరం నుంచి వచ్చింది. నందిగామలో మా చెల్లెలి కొడుకు ఉక్రెయిన్‌లో డాక్టరీ చదివేవాడు. నా పిచ్చి వాడికి తెలుసు. అక్కడ పాత సామాన్ల సంతలో నాకోసం ఒక నోటు కొని పుస్తకంలో పెట్టుకున్నాడు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది కదా, ఆ రోజుల్లో మా చెల్లి పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. 'ఆపరేషన్ గంగ' విమానాల్లో వేలమంది మన పిల్లలు తిరిగొచ్చారు. మావాడు ఒక్క భుజం సంచీతో దిగాడు. పుస్తకాలు, బట్టలు, గిన్నెలు అన్నీ హాస్టల్లోనే. అంత హడావిడిలోనూ పాస్‌పోర్టు మధ్య ఆ కాగితం పెట్టుకొచ్చి, "ఇదిగో పెద్దమ్మా, నీ చెల్లని నోటు" అన్నాడు.

అది 1918 నాటి యాభై కర్బోవానెట్స్ నోటు. చూస్తే మన మెట్ట ఊరి మనుషుల్లాగే పార పట్టుకున్న రైతు ఒకడు, కంకుల కట్ట పట్టుకున్న ఆడమనిషి ఒకత్తె. అక్కడి జనం వీటిని ముద్దుగా "పారలు" అని పిలిచేవాళ్ళట. రష్యా చక్రవర్తి పడిపోయాక ఉక్రెయిన్ వాళ్ళు మాది వేరే దేశమని ప్రకటించుకుని సొంత నోట్లు వేసుకున్నారు. మొట్టమొదటిది వంద కర్బోవానెట్స్ నోటు. జార్జి నార్బుత్ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. 1918 జనవరిలో అది బయటికొచ్చింది. దాని మీద ఉక్రెయినీ, రష్యన్, పోలిష్, యూదులు మాట్లాడే యిడ్డిష్, ఇలా నాలుగు భాషల్లో విలువ రాశారు.

మన నిజాం నోటు మీద కూడా అదే ఏడాది అలాగే పలు భాషలు. ఆ దేశమెక్కడ, ఈ దేశమెక్కడ! రాసేవాళ్ళు ఎవరైనా, నోటు పట్టుకునే మనిషి తన భాషలో చదివి నమ్మితేనే కదా అది డబ్బయ్యేది.

చిల్లర నాణేల కరువులో అక్కడ తపాలా బిళ్ళల్ని అట్ట మీద అచ్చువేసి చిల్లర కింద వాడుకున్నారు. వెనకవైపు, ఇది నాణెంతో సమానంగా చెల్లుతుందని రాసి ఉండేది. పాపం, రెండు మూడేళ్ళలోనే ఒకరి తర్వాత ఒకరు ఆ దేశాన్ని ఏలి, నోట్లన్నీ చిత్తుకాగితాలయ్యాయి. నార్బుత్ కూడా 1920లోనే పోయాడు. ఇప్పుడు ఆ దేశంలో నడిచే హ్రివ్నియా 1996లో వచ్చింది.

మావాడి జేబులో ఆ హ్రివ్నియాలు కొన్ని ఉండిపోయాయి. సరిహద్దు దాటాక ఎవరూ మార్చలేదట. వాడు ఆ మాట చెబుతుంటే నాకు చారల కండువా గుర్తొచ్చింది. ఆ నోటు కూడా తీసుకెళ్ళి పెద్దమ్మగారికి చూపించాను. కంకుల కట్ట పట్టుకున్న ఆడమనిషిని చూసి, "ఈవిడ మన కల్లంలో మనిషిలాగే ఉందే" అన్నారు.

మా జగ్గయ్యపేటకి డబ్బుతో సంబంధం కొత్తదేం కాదులెండి. ఊరి పక్కన ధనబోడు అనే గుట్ట మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో బర్జెస్ దొరగారు అక్కడ తవ్వితే సున్నపురాతి పలకలు దొరికాయి. ఒక దాని మీద చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాలుగు పలకల నాణేలు వానలా కురుస్తుంటాయి. ఆయన్ని మాంధాత చక్రవర్తి అంటారు. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ వాన మన ఇళ్ళల్లో కురవదు కదా. మనం పోపులడబ్బాలో, బియ్యం డ్రమ్ములో, బొంతలో చుక్క చుక్కగా దాచుకోవాల్సిందే.

మీ ఇంట్లో పాత నోట్లుంటే

దొరికిన నోటుని ఏం చెయ్యాలో తెలియక నేను చేసిన తప్పులు మీరు చెయ్యకండి. మొదటి నోటు మడతలు పోతాయని ఇస్త్రీ పెట్టె పెట్టాను. మడత దగ్గర చిట్లింది! అందుకే ఇవి గుర్తుంచుకోండి:

నోటుని కడగకూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు. చిరుగుకి సెల్లోటేపు అంటించకూడదు. కొన్నేళ్ళకి టేపు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్ళీ ఊడదు.

పిన్ను, స్టేప్లరు, రబ్బరు బ్యాండు పెట్టకండి. పిన్ను తుప్పు పడుతుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది.

మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్ళకి జిగురెక్కుతాయి. స్టాంపులు, నాణేలు అమ్మే కొట్లలో పాలిస్టర్ కవర్లు అడగండి. ఆల్బం ఎండా తేమా తగలని బీరువాలో, చెదలు చేరని చోట పెట్టండి. చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని ముట్టుకోండి.

ఒక ముక్క మాత్రమే దొరికినా పారెయ్యకండి. ఇంగ్లీషువాళ్ళ పాత నోట్లకి ఒకవైపే అచ్చు ఉండేది. పోస్టులో దొంగతనం జరుగుతుందని జనం వాటిని సగానికి కోసి, ముందు ఒక సగం పంపి, అందిందని జవాబొచ్చాక రెండో సగం పంపేవాళ్ళు. అలాంటి సగాలు కూడా దాచదగినవే.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. "ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తాం" అని ఫోన్లలో ప్రకటనలొస్తాయి. మా పక్కింటి పిల్ల అది నమ్మి, రిజిస్ట్రేషను ఫీజంటే మూడు వేల రెండు వందలు కట్టింది. ఆ తర్వాత ఆ ఫోను మళ్ళీ కలవలేదు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ఇలాంటివి నమ్మొద్దనీ, పాత నోట్ల అమ్మకాలకి తాము ఎలాంటి ఫీజూ వసూలు చెయ్యమనీ ప్రకటించింది. ముందు మీ దగ్గర డబ్బు అడిగేవాడు మీ నోటు కొనడానికి రాలేదని గుర్తుపెట్టుకోండి.

రద్దయిన పాత ఐదొందలు, వెయ్యి నోట్లు జ్ఞాపకానికి దాచుకునేవాళ్ళు కూడా జాగ్రత్త. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అవి రెండూ కలిపి పదికి మించి ఉంచుకోకూడదు. చదువు, పరిశోధన, సేకరణ కోసమైతే ఇరవై అయిదు. మించితే పదివేలు గానీ, ఆ నోట్ల విలువకి అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. నా ఆల్బంలో రెండే ఉన్నాయి. రెండు వేల నోటు మాత్రం వేరు. 2023 మేలో చలామణీలోంచి వెనక్కి తీసుకున్నారే గానీ రద్దు చెయ్యలేదు. మామూలు బ్యాంకుల్లో గడువు 2023 అక్టోబరు 7తో అయిపోయింది. ఎక్కడైనా మడతల్లో దొరికితే హైదరాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయంలో ఇవ్వడానికీ, పోస్టులో పంపి మన ఖాతాలో వేయించుకోవడానికీ వీలు కల్పించారు.

ఒక్కరికైనా చెప్పండి

ఇల్లాలు నాలుగు రూపాయలు చాటుగా దాచుకోవడం తప్పని నేననను. ఎన్ని ఇళ్ళల్లో ఆ చాటు డబ్బే పిల్లల ఫీజయిందో, ఆస్పత్రి ఖర్చయిందో మనకి తెలుసు. కానీ దాచిన సంగతి మనతోటే ఉండిపోతే, ఆ నోటు ఏ అర్ధరాత్రో చెల్లకుండా పోవచ్చు. లేదంటే మనమే పోవచ్చు. మా నాయనమ్మగారి నోట్లు 1959లో చెల్లకుండా పోయాయి. కానీ పెద్దమ్మగారికి అవి పనికిరాకుండా పోయింది అంతకంటే నాలుగేళ్ళ ముందే, ఒక మాట లేకపోవడం వల్ల.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. అత్తయ్యగారి డబ్బు ఇప్పుడు ఆవిడ పేరు మీదే బ్యాంకులో ఉంది. నామినీగా నా పేరు రాయించారు. మావారికి ఎంతుందో తెలియదు, అడగరు కూడా. నేను దాచినది ఎక్కడుందో అత్తయ్యగారికీ, మా అమ్మాయికీ చెప్పాను. ఎంతో చెప్పలేదనుకోండి! ఎవరిదైనా అప్పగింత సొమ్ము మీ దగ్గరుంటే మాత్రం, అది ఎవరిదో, ఎందుకిచ్చారో చిన్న చీటీ రాసి అందులో పెట్టండి. రాయడం రానివాళ్ళుంటే పిల్లల చేత రాయించండి.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆవిడ పక్కన కూర్చుని ట్రంకు పెట్టె తీయించండి. నోట్లు దొరక్కపోవచ్చు. పాత రసీదో, ఉత్తరమో, కండువా ముక్కో దొరుకుతుంది. అది ఎవరిదని అడగండి.

పెద్దమ్మగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. కిందటి నెల వెళ్ళినప్పుడు మనవరాలి కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నైజాం నోటు మీద తెలుగు అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివిస్తున్నారు.

వచ్చేవారం నందిగామ పద్ధతిలో దోసావకాయ. కాయలు గట్టిగా ఉన్నవి చూసి తెచ్చి ఉంచుకోండి.